పార్ట్‌నర్ ‘2 క్లబ్స్’ అన్నారు: ఇప్పుడు మీరేం చెప్పాలి?

బ్రిడ్జ్ పేకాట నేర్చుకుంటున్నవాళ్లు తమ చేతికి 22 పాయింట్లు వస్తే ఏం చెయ్యాలో శ్రద్ధగా చదువుతారు. ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్‌కి 22 వచ్చి, తమ దగ్గర మూడో నాలుగో ఉంటే ఏం చెయ్యాలన్నది మాత్రం అంతగా పట్టించుకోరు. టెన్షన్ వచ్చేది మాత్రం అక్కడే. ఒకసారి లెక్క చూడండి. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేకలో మొత్తం 40 పాయింట్లు. పార్ట్‌నర్ దగ్గర 23 ఉంటే మిగిలింది 17. దాన్ని ముగ్గురు పంచుకోవాలి. సగటున మీ వాటా ఆరు కూడా లేదు. అంటే బలమైన ఓపెనింగ్‌కి (పార్ట్‌నర్ వేలం మొదలుపెట్టే బిడ్‌కి) జవాబు చెప్పే రోజున మీ చేతిలో మామూలుగా ఉండేది చిన్న ముక్కలే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం చిన్న చేతుల గురించే చెబుతాను.

ఏ ముక్కలు వస్తాయన్నది అదృష్టమే, కాదనను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1968లో ఆంధ్రప్రదేశ్ కేసులో తీర్పు చెప్పినప్పుడు, రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని సుప్రీంకోర్టు పోల్చింది. పంచడం అయిపోయాక మిగిలేదంతా మీ బిడ్డింగే, మీ ఆటే.

బిడ్డింగ్ వరస, పాయింట్ల లెక్క, స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు మీకు కొంత తెలుసనుకుని రాస్తున్నాను. ఇప్పుడు చాలామంది ఆడే పద్ధతిలో 2 డైమండ్స్, 2 హార్ట్స్, 2 స్పేడ్స్ ఓపెనింగ్‌లు బలహీనమైనవి. బలమైన చేతులన్నీ 2 క్లబ్స్‌తో మొదలవుతాయి. ఆ బిడ్‌కీ క్లబ్స్ రంగుకీ సంబంధం లేదు. దాని అర్థం రెండింట్లో ఒకటి: 22 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లున్న సమమైన చెయ్యి (నాలుగు రంగులూ దాదాపు సమానంగా పడ్డది), లేదా మీ సాయం దాదాపు అక్కర్లేకుండా తనంతట తానే గేమ్ (4 స్పేడ్స్, 3 నో ట్రంప్ లాంటి బోనస్ వచ్చే కాంట్రాక్ట్) చెయ్యగల చెయ్యి. 20, 21 పాయింట్ల సమమైన చెయ్యి అయితే ఓపెనర్ నేరుగా 2 నో ట్రంప్ (తురుపు లేని ఆట) అంటారు. అది వేరే దారి.

మొదటి మెట్టు: పాస్ అనకండి

సున్నా పాయింట్లున్నా సరే, పాస్ లేదు. ఎందుకో ఈ చెయ్యి చూస్తే తెలుస్తుంది. ఇది మీ పార్ట్‌నర్‌ది:

స్పేడ్స్: ఆసు, రాజు, రాణి, 10, 6, 4
హార్ట్స్: ఆసు, రాజు, రాణి, 5
డైమండ్స్: ఆసు, రాజు
క్లబ్స్: 7

25 పాయింట్లు. సొంతంగానే పదకొండు ట్రిక్కులు కనిపిస్తున్నాయి: స్పేడ్స్‌లో ఆరు, హార్ట్స్‌లో మూడు, డైమండ్స్‌లో రెండు. ఈ చేత్తో ఆయన 2 క్లబ్స్ అన్నారు. ‘నా దగ్గర ఏమీ లేదు కదా’ అని మీరు పాస్ చేస్తే, ఒకే ఒక్క 7 ఉన్న రంగే తురుపు అవుతుంది. వచ్చిన మంచి చెయ్యి కాస్తా అక్కడే వృథా. ఇంతకంటే ఖరీదైన పాస్ బ్రిడ్జ్‌లో అరుదు.

రెండో మెట్టు: దాదాపు ఎప్పుడూ 2 డైమండ్స్

2 క్లబ్స్ మీద అన్నిటికంటే చవకైన బిడ్ 2 డైమండ్స్. దానికీ డైమండ్స్‌కీ సంబంధం లేదు. ‘విన్నాను, మీ సంగతి చెప్పండి’ అని మాత్రమే దాని అర్థం. దీన్ని వెయిటింగ్ బిడ్ అంటారు. సున్నా ఉన్నా ఇదే, ఏడు ఉన్నా ఇదే, పది ఉండి చెప్పుకోదగ్గ రంగు లేకపోయినా ఇదే.

కొన్ని జోడీలు 2 డైమండ్స్‌ని ఖచ్చితంగా 0 నుంచి 7 పాయింట్లకే వాడతాయి. వెయిటింగ్‌గా వాడడమే మేలని నా అభిప్రాయం. పెద్ద చెయ్యి ఉన్నది ఓపెనర్ దగ్గర. తనకి ఏ రంగు పొడుగ్గా ఉందో, చెయ్యి సమంగా ఉందో లేదో ఆయన చెప్పడానికి చోటు కావాలి. మీరు పైకి ఎగబాకిన ప్రతి మెట్టూ ఆయన చోటులోంచి తీసుకున్నదే.

ఇంకో రెండు పద్ధతులు వింటుంటారు. ఒకదాంట్లో 2 హార్ట్స్ అంటే చెయ్యి పూర్తిగా ఖాళీ, 2 డైమండ్స్ అంటే ఏదో కొంత ఉంది. ఇంకోదాంట్లో ఆసుకి రెండు, రాజుకి ఒకటి చొప్పున కంట్రోల్స్ లెక్కపెట్టి మెట్ల వారీగా చెబుతారు. రెండూ ఆడదగ్గవే. కానీ మొదటిదాంట్లో హార్ట్స్ ఉన్న ఓపెనర్‌కి ఇబ్బంది. మీరు ముందే 2 హార్ట్స్ అనేశారు కాబట్టి ఆయన తన రంగుని మూడో స్థాయిలో చెప్పాలి, పైగా ఆడాల్సిన చెయ్యి మీదైపోయే అవకాశం ఉంది. కొత్తగా కలిసి కూర్చున్న జోడీకి వెయిటింగ్ చాలు.

2 డైమండ్స్ కాకుండా ఎప్పుడు?

మీ దగ్గర 8 లేదా ఎక్కువ పాయింట్లు, కనీసం ఐదు ముక్కల రంగు, అందులో ఆసు, రాజు, రాణి మూడింట్లో రెండు ఉంటే ఆ రంగుని వెంటనే చెప్పండి. దీన్నే పాజిటివ్ అంటారు. స్పేడ్స్ 7, 3. హార్ట్స్ రాజు, రాణి, 10, 8, 4. డైమండ్స్ ఆసు, 9, 6. క్లబ్స్ 8, 5, 2 అనుకోండి. తొమ్మిది పాయింట్లు, నిక్కమైన హార్ట్స్. 2 హార్ట్స్ చెప్పండి. అక్కడి నుంచి ఓపెనర్ స్లామ్ (పన్నెండు లేదా పదమూడు ట్రిక్కుల కాంట్రాక్ట్) గురించే ఆలోచిస్తారు.

ఇప్పుడు దీన్ని చూడండి: స్పేడ్స్ రాజు, 8; హార్ట్స్ జాకీ, 9, 7, 6, 4; డైమండ్స్ ఆసు, 10, 3; క్లబ్స్ జాకీ, 7, 2. ఇవీ తొమ్మిదే, హార్ట్స్ కూడా ఐదే. అయినా 2 డైమండ్స్ చెప్పాలి. ఇక్కడ 2 హార్ట్స్ అంటే, ఓపెనర్ తన దగ్గరున్న ఆసు, 5 చూసుకుని ఈ రంగులో నష్టం ఉండదనుకుని స్లామ్‌కి వెళ్లిపోతారు. పాజిటివ్ బిడ్ పాయింట్ల కంటే ఎక్కువగా రంగు నాణ్యత గురించి హామీ ఇస్తుంది. మీ హార్ట్స్ ఎక్కడికీ పోవు, రెండో బిడ్‌లో చెప్పుకోవచ్చు.

మైనర్ రంగులతో, అంటే 3 క్లబ్స్ లేదా 3 డైమండ్స్‌తో పాజిటివ్ చెప్పాలంటే ఇంకా గట్టిగా ఉండాలి. ఓపెనర్ నోరు తెరిచే లోపే మూడో స్థాయికి వెళ్లిపోయారు మరి. ఆరు ముక్కలు ఉంటేనే చెప్పండి.

సమమైన ఎనిమిది పాయింట్ల చేత్తో 2 నో ట్రంప్ చెప్పమని పుస్తకాల్లో ఉంటుంది. నేనైతే చెప్పను. తర్వాత ఆట నో ట్రంప్‌లో ఆగితే డిక్లేరర్ (జోడీ తరఫున ఆడేవారు) మీరే అవుతారు. పార్ట్‌నర్ 23 పాయింట్ల చెయ్యి డమ్మీగా అందరి ముందూ పరిచి ఉంటుంది. ప్రత్యర్థులు ఏ ముక్క ఎక్కడుందో చూసుకుంటూ తాపీగా ఆడతారు. బలమైన చెయ్యి దాక్కుని ఉండడమే మీ జోడీకి లాభం. 2 డైమండ్స్ చెప్పి, మీ బలం తర్వాత చూపించండి.

మూడో మెట్టు: అసలు సంగతి రెండో బిడ్‌లో

చాలామంది 2 డైమండ్స్ చెప్పగానే తమ పని అయిపోయిందనుకుంటారు. నిజానికి మీరింతవరకూ ఏమీ చెప్పలేదు. ఓపెనర్ తన రంగు చెప్పాక ఇప్పుడు మీ వంతు.

పైన చూసిన ఓపెనర్ ఇప్పుడు 2 స్పేడ్స్ అన్నారు. మీ చెయ్యి ఇదీ:

స్పేడ్స్: 9, 3, 2
హార్ట్స్: 8, 4
డైమండ్స్: జాకీ, 9, 7, 5
క్లబ్స్: ఆసు, 8, 6, 3

ఐదు పాయింట్లు. స్పేడ్స్ మూడున్నాయి కాబట్టి తురుపు కుదిరింది. ఇక ఎంత చెప్పాలి? మామూలు ఓపెనింగ్‌ల అలవాటుతో ‘కొంచెం ఉంది కాబట్టి కొంచెం, ఎక్కువుంటే ఎక్కువ’ అనుకుంటే ఇక్కడ తప్పుదారి పడతారు. 2 క్లబ్స్ తర్వాత లెక్క తిరగబడుతుంది. 4 స్పేడ్స్‌కి దూకితే ‘తురుపు ఉంది, ఆసు లేదు, రాజు లేదు, పొట్టి రంగూ లేదు, ఇక్కడితో ఆపుదాం’ అని. 3 స్పేడ్స్ అంటే ‘తురుపు ఉంది, ఇంకా ఏదో ఉంది, అడగండి’ అని. ఎలాగూ గేమ్‌కి వెళ్లే తీరతారు కాబట్టి 3 స్పేడ్స్‌ని ఓపెనర్ పాస్ చెయ్యరు. నిదానంగా వెళ్లేదే బలమైన బిడ్.

అందుకని మీరు 3 స్పేడ్స్ అన్నారు. ఓపెనర్‌కి ఇక కావలసింది ఒక్కటే, క్లబ్స్ ఆసు. 4 నో ట్రంప్‌తో ఆసులు అడుగుతారు. ఇలా అడిగే పద్ధతే బ్లాక్‌వుడ్; మామూలు బ్లాక్‌వుడ్‌లో ఒక ఆసుకి జవాబు 5 డైమండ్స్. మిగతా మూడూ తన దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కటీ క్లబ్స్ ఆసేనని ఆయనకి తెలిసిపోతుంది. పదకొండూ ఒకటీ పన్నెండు, 6 స్పేడ్స్. టేబుల్ మీద హార్ట్స్‌లో చివరి 5ని మీ స్పేడ్‌తో తురుపు కొట్టగలిగితే పదమూడోది కూడా వచ్చేస్తుంది.

అదే చెయ్యి చూసి ‘ఐదే కదా’ అని మీరు 4 స్పేడ్స్‌కి దూకి ఉంటే ఓపెనర్ పాస్ చేసేవారు. వల్నరబుల్ (బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితి) కానప్పుడు 4 స్పేడ్స్‌లో పన్నెండు ట్రిక్కులకి వచ్చేది 480, 6 స్పేడ్స్‌లో అవే పన్నెండుకి 980. వల్నరబుల్ అయితే 680కి బదులు 1430. మీ ఒక్క ఆసు విలువ అది.

తురుపు కుదరనప్పుడు ఏం చెయ్యాలి? ఐదు ముక్కల రంగు, ఓ మాదిరి బలం ఉంటే ఆ రంగు చెప్పండి. ఇందాకటి జాకీ, 9, 7, 6, 4 హార్ట్స్ చెయ్యి గుర్తుందా? ఓపెనర్ 2 స్పేడ్స్ అన్నాక 3 హార్ట్స్ చెప్పే చోటు అదే. ఇప్పుడది రంగు నాణ్యతకి హామీ కాదు, పొడవుకి మాత్రమే. చెప్పదగ్గ రంగు లేకుండా కొంత బలం ఉంటే 2 నో ట్రంప్.

నిజంగా ఏమీ లేనప్పుడు: రెండో నెగటివ్

స్పేడ్స్ 8, 5. హార్ట్స్ 10, 7, 3. డైమండ్స్ జాకీ, 8, 6, 4, 2. క్లబ్స్ 9, 6, 4. ఒకే ఒక్క పాయింటు. ఓపెనర్ 2 స్పేడ్స్ అన్నారు. పాస్ కుదరదు. ఇలాంటప్పుడు చవకైన మైనర్ చెప్పడం ఎక్కువమంది పాటించే ఒప్పందం. 2 హార్ట్స్ లేదా 2 స్పేడ్స్ మీద 3 క్లబ్స్, 3 క్లబ్స్ మీద 3 డైమండ్స్. దీని అర్థం ‘సున్నా నుంచి మూడు, ఆసూ రాజూ లేవు’. ఓపెనర్ 3 డైమండ్స్ చెబితే మాత్రం మూడో స్థాయిలో మైనర్ మిగలదు. అప్పుడేం చెయ్యాలో ముందే మాట్లాడుకోండి.

రెండో నెగటివ్ విన్నాక ఓపెనర్ తన రంగే మళ్లీ చెబితే, అంటే 3 స్పేడ్స్ అంటే, మీరు ఇప్పుడు పాస్ చెయ్యొచ్చు. 2 క్లబ్స్ తర్వాత గేమ్‌కి ముందే ఆగే దారులు రెండే. ఇది ఒకటి, రెండోది కింద వస్తుంది. అదే ఆయన 3 హార్ట్స్ అని కొత్త రంగు చెబితే ఆగకూడదు. రెండింట్లో ఒకటి ఎంచుకోమని అడుగుతున్నారు. మీకు హార్ట్స్ మూడు, స్పేడ్స్ రెండు, కాబట్టి 4 హార్ట్స్.

ఈ ఒప్పందానికి ఖర్చు కూడా ఉంది. నిజంగా క్లబ్స్ ఉన్నప్పుడు 3 క్లబ్స్ అనలేరు, 2 నో ట్రంప్‌తో సరిపెట్టుకోవాలి. ఆ ఖర్చు భరించదగ్గదే. మీ దగ్గర ఏమీ లేదని తెలియక స్లామ్ వెతుక్కుంటూ ఐదో స్థాయిలో పడే ఓపెనర్‌ని ఇది కాపాడుతుంది.

ఓపెనర్ 2 నో ట్రంప్ అంటే

2 డైమండ్స్ తర్వాత 2 నో ట్రంప్ అంటే 22 నుంచి 24, సమమైన చెయ్యి. ఇక్కడి నుంచి మీకు తెలిసిన దారే. 3 క్లబ్స్ స్టేమన్ (హార్ట్స్ గానీ స్పేడ్స్ గానీ నాలుగున్నాయా అనే ప్రశ్న), ట్రాన్స్‌ఫర్లుగా 3 డైమండ్స్ అంటే హార్ట్స్, 3 హార్ట్స్ అంటే స్పేడ్స్. సమమైన చేత్తో 0 నుంచి 2 అయితే పాస్, ఇదే ఆగగలిగే రెండో దారి. మూడు ఉంటే చాలు, 22కి కలిపితే 25, కాబట్టి 3 నో ట్రంప్. తొమ్మిదీ పదీ ఉంటే 4 నో ట్రంప్. అది ఇక్కడ ఆసులు అడగడం కాదు, ‘గరిష్ఠంగా ఉంటే ఆరుకి వెళ్లండి’ అనే ఆహ్వానం. చిన్న స్లామ్‌కి ఇద్దరికీ కలిపి 33 లక్ష్యం. పదకొండు ఉంటే మీరే 6 నో ట్రంప్ చెప్పేయండి.

ఒక్క చెయ్యి మాత్రం గుర్తుపెట్టుకోండి: స్పేడ్స్ జాకీ, 9, 8, 5, 3, హార్ట్స్ 6, 4, డైమండ్స్ 10, 7, 4, 2, క్లబ్స్ 5, 3. ఒకే పాయింటు కదా అని 2 నో ట్రంప్‌ని పాస్ చెయ్యకండి. 3 హార్ట్స్ చెప్పి, ఆయన 3 స్పేడ్స్ అన్నాక పాస్ చెయ్యండి; ఇదీ ఆ రెండో దారిలో భాగమే. నో ట్రంప్‌లో ఈ చేతిలోకి రావడానికి దారే ఉండదు, డమ్మీ చచ్చిన చెయ్యి అయిపోతుంది. స్పేడ్స్ తురుపైతే ఈ చిన్న ముక్కలే ఒకటి రెండు ట్రిక్కులు ఇస్తాయి.

ప్రత్యర్థి మధ్యలో దూరితే

పార్ట్‌నర్ 2 క్లబ్స్ అనగానే కుడిచేతి ప్రత్యర్థి 2 స్పేడ్స్ అని అడ్డుపడ్డారు. మీ వెయిటింగ్ బిడ్ పోయింది. మంచి వార్త ఏమిటంటే, ఇప్పుడు మీరు పాస్ చెయ్యొచ్చు, ఓపెనర్ ఆ పాస్‌ని అక్కడ వదిలెయ్యరు. చాలా జోడీలు ఇలా పెట్టుకుంటాయి: డబుల్ అంటే చెయ్యి ఖాళీ, పాస్ అంటే కొంత ఉంది, రంగు చెబితే పాజిటివ్. దీన్ని తలకిందులుగా ఆడేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఒకటే, కానీ ఇద్దరూ ఒకేలా అనుకోవాలి. టేబుల్ దగ్గర ఊహించుకుని డబుల్ చెయ్యడం కంటే ప్రమాదం లేదు.

అందుకే ఆటకి కూర్చునే ముందు పార్ట్‌నర్‌తో మూడు ప్రశ్నలు తేల్చుకోండి. మన 2 డైమండ్స్ వెయిటింగా, నెగటివా? రెండో నెగటివ్ ఉందా? అడ్డుబిడ్ మీద డబుల్ అర్థమేమిటి? జకార్తాలో 2018 ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ పురుషుల పెయిర్స్ స్వర్ణం గెలిచినప్పుడు బర్ధన్ వయసు 60, సర్కార్‌ది 56. పెయిర్స్ ఆటలో వయసు కంటే జోడీ మధ్య అవగాహనే ముఖ్యం. మీ ఒప్పందాలు ప్రత్యర్థులు అడిగితే దాచకుండా చెప్పాలి. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో అయితే మీ బిడ్‌ని మీరే అలర్ట్ చేసి అర్థం టైప్ చెయ్యాలి.

మీ జోడీ ప్రెసిషన్ ఆడుతుంటే

ప్రెసిషన్ ఇంకో బిడ్డింగ్ పద్ధతి. అక్కడ బలమైన బిడ్ 1 క్లబ్, 16 పాయింట్లు ఆ పైన. జవాబుల ఆలోచన మాత్రం ఇదే: 0 నుంచి 7 అయితే 1 డైమండ్, 8 ఆ పైన ఐదు ముక్కల రంగు ఉంటే ఆ రంగు, దాంతో గేమ్ ఖాయం. సి.సి. వీ రూపొందించిన ఈ పద్ధతితో తైవాన్ జట్టు 1969లో ప్రపంచ టీమ్ పోటీ అయిన బెర్ముడా బౌల్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. 1925లో కాంట్రాక్ట్ బ్రిడ్జ్ స్కోరింగ్‌కి రూపమిచ్చిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ కూడా తన పద్ధతిలో బలానికి 1 క్లబ్, బలహీనమైన జవాబుకి 1 డైమండ్ పెట్టుకున్నారు. ప్రెసిషన్‌లో ఒక తేడా గుర్తుంచుకోవాలి. 16 పాయింట్ల ఓపెనర్‌కి మీ మూడు పాయింట్లతో గేమ్ రాదు, కాబట్టి 1 డైమండ్ తర్వాత కిందనే ఆగే దారులు చాలా ఉంటాయి.

ఇంట్లో ఇలా సాధన చెయ్యండి

పేక తీసుకుని పైన చూపించిన ఓపెనర్ చెయ్యి పదమూడు ముక్కలూ ఏరి పక్కన పెట్టండి. మిగిలిన 39ని బాగా కలిపి మూడు చేతులుగా పంచండి. ఒక్కొక్కటీ తీసి, ‘ఓపెనర్ 2 స్పేడ్స్ అన్నారు, నేనేం చెప్పాలి?’ అని కాగితం మీద రాయండి: 3 స్పేడ్సా, 4 స్పేడ్సా, 3 క్లబ్సా, సొంత రంగా? తర్వాత ఓపెనర్ చెయ్యి పక్కన పరిచి ట్రిక్కులు లెక్కపెట్టండి. క్లబ్స్ ఆసు ఉన్న చెయ్యి వచ్చినప్పుడు 6 స్పేడ్స్ దాకా వెళ్లారో లేదో చూసుకోండి. పార్ట్‌నర్ కూడా ఉంటే ఓపెనర్ చెయ్యి వాళ్లకిచ్చి, ఒకరి ముక్కలు ఒకరు చూడకుండా బిడ్డింగ్ మొత్తం నడపండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే ఆగి మాట్లాడుకుని, మళ్లీ 39 ముక్కలూ కలపండి.